బట్టీలకు వచ్చే కుటుంబాలకు మొదటి వారంలోనే ఆసరా కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

కొత్త పంట పండుగ నువాఖాయి ముగిసిన కొన్ని వారాలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి వేలాది కుటుంబాలు మా పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీలకు వస్తాయి. కూలీలను కుదిర్చి తీసుకొచ్చే సర్దార్ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా, అంటే దాదాపు తొలకరి వరకు, వాళ్ల కాపురం ఇక్కడే. వాళ్లకు అందవలసిన సేవలు చట్టాల్లోనూ పథకాల్లోనూ ఉన్నాయి. వాటి గురించి వాళ్ల భాషలో చెప్పే మనిషి వచ్చిన కొత్తలో లేకపోవడమే లోటని, బట్టీ బడిలో ఒక సీజను పనిచేసినప్పుడు నాకు అర్థమైంది.

ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు విధానం కింద బలంగీర్ కార్డు మీద ఇక్కడి రేషన్ దుకాణంలోనూ బియ్యం తీసుకోవచ్చు. ఊళ్లో ఉండిపోయిన ముసలివాళ్లు తమ వాటా అక్కడే తీసుకునే వీలూ ఉంది. మా బడి పిల్లల తల్లులలో చాలామందికి ఈ సంగతి సంక్రాంతి దాటాకే తెలిసింది. అప్పటిదాకా తిండి ఖర్చులకని వారం వారం ఇచ్చే ఖర్చీ డబ్బులతోనే బియ్యం కొనుక్కున్నారు.

పిల్లల సంగతి ఇంకా బాధాకరం. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యతను 2009 నాటి విద్యాహక్కు చట్టం స్థానిక సంస్థలపై పెట్టింది. ఒడియా పుస్తకాలతో, ఒడియా వచ్చిన టీచర్లతో బట్టీల దగ్గరే బడులు నడిపిన అనుభవం కూడా మనకుంది. కానీ నవంబరులో వచ్చిన పిల్లలకు జనవరి చివర్లో బడి తెరిస్తే, అప్పటికే వాళ్లు ఇటుకలు తిరగేసే పనికి అలవాటుపడి ఉంటారు. తొమ్మిదేళ్ల అమ్మాయి ఒకతె మొదటిరోజు తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. అంగన్‌వాడీ కేంద్రం దగ్గర్లోనే ఉన్నా, అక్కడ పిల్లవాణ్ణి చేర్చుకుంటారని ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. మేము వెంట వెళ్లి వాణ్ణి చేర్పించిన తర్వాతే ఆ పిల్ల రోజూ బడికి రాగలిగింది.

కార్మిక, విద్య, పౌరసరఫరాలు, స్త్రీ శిశు సంక్షేమ శాఖలు ఎవరికి వారు ఎప్పుడో ఒకసారి బట్టీకి వచ్చి లెక్కలు రాసుకుని వెళ్లడం వల్ల ఇలాంటి చిక్కులు తీరవు. బట్టీలున్న ప్రతి మండలంలోనూ ఒడియా తెలిసిన ఒక కార్యకర్తను అక్టోబరు చివరికల్లా నియమించి, కుటుంబం దిగిన వారంలోపే రేషన్, అంగన్‌వాడీ, టీకాలు, బడి పనులన్నీ ఆ ఒక్కరి ద్వారానే పూర్తయ్యేలా చూడాలని జిల్లా అధికారులను కోరుతున్నాను. ఒడియా టీచర్ల కోసం, పుస్తకాల కోసం సెప్టెంబరులోనే ఒడిశా ప్రభుత్వానికి లేఖ వెళితే, డిసెంబరు మొదటి వారంలో బడులు తెరవడం సాధ్యమే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, పెద్దపల్లి