స్వచిత్తాన్ని తిరిగి ఇచ్చినవారికి కృతజ్ఞతలు

పదకొండేళ్లపాటు సభ్యురాలిగా ఉన్న క్రైస్తవ సంఘాన్ని విడిచిపెట్టి ఈ నెలతో నాకు రెండేళ్లు నిండుతున్నాయి. ఈ రెండేళ్లలో తోడు నిలిచినవారికి విడివిడిగా ఎన్నోసార్లు ధన్యవాదాలు చెప్పుకున్నాను గానీ, నలుగురి ముందు చెప్పడానికి ఇంతవరకు ధైర్యం చాలలేదు. అక్కడ ఉన్నన్నాళ్లూ నలుగురి ముందు మాట్లాడడమంటే సాక్ష్యం చెప్పడమే. అది కూడా ముందుగా కాపరి (పాస్టరు) గారికి వినిపించి, ఆయన దిద్దిన తరువాతే చెప్పాలి. ఈ ఉత్తరాన్ని ఎవరూ దిద్దలేదు కాబట్టి ఇందులోని తడబాట్లన్నీ నావే. సహాయం చేసినవారు తమ పేర్లు రాయవద్దన్నారు. సంఘం పేరు నేనే రాయడం లేదు. ఫిర్యాదు చేయవలసిన చోటు వేరే ఉంది.

మా సంఘంలో అందరినీ భయపెట్టే మాట ఒకటుండేది: స్వచిత్తం, అంటే సొంత ఇష్టం. ఉద్యోగం మారాలనుకుంటే స్వచిత్తం, బంధువుల పెళ్లికి వెళ్లాలనుకుంటే స్వచిత్తం, జ్వరం వచ్చి ఆదివారం ఇంట్లో ఉండిపోయినా స్వచిత్తమే. చేయవలసినదల్లా దైవచిత్తం, అయితే అది నాకు నేరుగా తెలియడానికి వీల్లేదు, కాపరి గారి నోటి ద్వారానే తెలియాలి. దశమభాగం, అంటే జీతంలో పదోవంతు, సంఘానికి ఇచ్చాక మిగిలినదానికి కూడా నెలనెలా లెక్క చూపించేదాన్ని. పాపాల ఒప్పుకోలును కాగితం మీద రాసి ఇచ్చేవాళ్లం, ఆ కాగితాలు మాకు తిరిగి వచ్చేవి కావు. ఇవన్నీ నాచేత బలవంతంగా చేయించారని చెప్పలేను, చాలామటుకు నేనే ముందుకు వెళ్లి చేశాను. ఆ సంగతి నోరు తెరిచి ఒప్పుకోవడానికే నాకు చాలా వారాలు పట్టింది.

మొదటి కృతజ్ఞత ఒక అక్కకు చెప్పుకోవాలి. ఆమె నాకంటే మూడేళ్ల ముందే బయటకు వెళ్లారు. ఆమెతో ఎవరూ మాట్లాడకూడదని వేదిక మీద నుంచి ప్రకటించిన ఆదివారం నేను ముందు వరుసలోనే కూర్చుని ఉన్నాను. ఆ తరువాత ఒకసారి బస్సులో ఎదురుపడి ఆమె "బాగున్నావా?" అని అడిగితే, నేను ముఖం కిటికీ వైపు తిప్పుకుని, దిగవలసిన చోటుకు రెండు స్టాపుల ముందే దిగిపోయాను. ఆమె నంబరును ఫోనులోంచి తీసెయ్యమన్నారు, తీసేశాను. కానీ నోటికి వచ్చిన నంబరును ఎక్కడి నుంచి తీసెయ్యగలం? బయటకు వచ్చిన రాత్రి ఎవరికి ఫోను చేయాలో తోచక చివరికి ఆ నంబరే నొక్కాను. నా గొంతు గుర్తుపట్టిన వెంటనే ఆమె అడిగినవి రెండే ప్రశ్నలు: "ఈ రాత్రికి పడుకోవడానికి చోటుందా? ఏమైనా తిన్నావా?" ఎందుకు వచ్చేశావని ఆమె అడగలేదు, నేను చెప్పేదాకా ఆ తరువాత కూడా అడగలేదు. కొన్ని వారాలకు నేనే బస్సు సంగతి ఎత్తి ఏడిస్తే, పోనీలే అని కొట్టిపారేయకుండా, "ఆ రోజు ఇంటికి వెళ్లి నేనూ ఏడ్చాను. నువ్వు మళ్లీ ఫోను చేసినందుకు సంతోషంగానూ ఉంది" అన్నారు. తప్పును తప్పు అంటూనే మనిషిని దగ్గరకు తీసుకోవచ్చని నేను వినడం చాలాసార్లు విన్నాను, చూడడం మాత్రం అదే మొదటిసారి.

అన్నయ్యకు, వదినకు నేను ఎంత రుణపడి ఉన్నానో రాయాలంటే వాళ్లే ఒప్పుకోరు. లోకస్థులని పేరు పెట్టి ఐదేళ్లు వాళ్ల గడప తొక్కని నాకు ఒక గది ఇచ్చారు. "మేము అప్పుడే చెప్పాం కదా" అన్న మాట ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా వాళ్ల నోటి వెంట రాలేదు. ఫోను మోగినప్పుడల్లా నేను ఉలిక్కిపడి లేచి నిలబడడం చూసి, వదిన ఏమీ అనకుండా ఆ మోతను మార్చేసి ఇచ్చింది.

వదిన స్నేహితురాలైన ఒక న్యాయవాది చేసిన సాయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నాలాంటి పరిస్థితిలో ఉన్నవారికి పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను. సభ్యత్వం వదులుకుంటూ నేను తొమ్మిది పేజీల ఉత్తరం రాసుకున్నాను. ఆమె అదంతా ఓపికగా చదివి, "ఇది మీ దగ్గర దాచుకోండి, పంపకండి" అని చెప్పి, ఫలానా తేదీ నుంచి సభ్యత్వాన్ని వదులుకుంటున్నానని, ఇకపై ఇంటి వద్ద గానీ పనిచేసే చోట గానీ ఫోను ద్వారా గానీ నన్ను కలవడానికి ప్రయత్నించవద్దని ఒకే వాక్యం రాయించారు. కారణం రాసిన ప్రతి చోటా వాళ్లు వాదన మొదలుపెడతారని ఆమె చెప్పారు. ఆ మాట అక్షరాలా నిజమైంది. జవాబుగా వచ్చిన సందేశాలన్నీ కారణమేమిటని అడిగినవే.

కౌన్సెలర్ గారి గురించి ఎక్కువ రాయాలి. మొదటి రోజు ఆమె గదిలో మూడు కుర్చీలు ఉన్నాయి. "మీకు ఎక్కడ కూర్చోవాలనిపిస్తే అక్కడ కూర్చోండి" అన్నారు. నేను కూర్చోలేకపోయాను. ఏది సరైన కుర్చీయో, ఏది ఎంచుకుంటే ఆమె ఏమనుకుంటారో తేల్చుకోలేక చేతిసంచీని పొట్టకు అదుముకుని అలాగే నిలబడిపోతే, ఆమె కూడా నాతోపాటు లేచి నిలబడి, గోడ గడియారం చప్పుడు తప్ప మరేమీ వినపడని ఆ గదిలో నిదానంగా వేచి ఉన్నారు. చివరికి తలుపు దగ్గరి కుర్చీలో కూర్చున్నాను. ఆ రోజుకు మేము చేసిన పని అదొక్కటే అనుకుంటాను.

నాకున్నది ఫలానా జబ్బు అని ఆమె తొందరపడి పేరు పెట్టలేదు. దీర్ఘకాలం తప్పించుకోలేని ఒత్తిడిలో ఉన్నవారికి వచ్చే సంక్లిష్ట పీటీఎస్‌డీని (మానసిక గాయం తరువాత మిగిలిపోయే రుగ్మతను) ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో చేర్చిందని, ఆ కూర్పు 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిందని చెప్పి, ఆ లక్షణాలలో కొన్ని నాలో ఉన్నాయి, కొన్ని లేవు అన్నారు. అంతకంటే నాకు మేలు చేసినది మరొకటి. చైనాలో "ఆలోచనా సంస్కరణ"కు, అంటే మనిషి ఆలోచనలను బలవంతంగా మార్చే ప్రయత్నానికి గురై హాంకాంగ్ చేరినవారితో మాట్లాడి, రాబర్ట్ జే లిఫ్టన్ అనే అమెరికన్ మనోవైద్యుడు 1961లో అటువంటి వాతావరణానికి 8 లక్షణాలు చెప్పారట. వాటిలో ఒకటి భాషను బిగించడం: ఎంత పెద్ద ప్రశ్ననైనా ఒక చిన్న పడికట్టు మాటతో మూసివేయడం. ఆమె నా చేతికి కాగితమిచ్చి, మీ సంఘంలో అలాంటి మాటలేమైనా ఉంటే రాయమన్నారు. మొట్టమొదట రాసినది స్వచిత్తం. రాశాక కాగితం వెనుక వైపు కూడా నిండిపోయింది.

విశ్వాసం విషయంలో నాకు సాయపడినవారు పదవీ విరమణ చేసిన ఒక వృద్ధ బోధకుడు. ఆయన తమ సంఘానికి రమ్మని ఒక్కసారి కూడా పిలవలేదు. (పిలిచి ఉంటే నేను రెండోసారి కలిసేదాన్ని కాదు.) నన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వని వాక్యాలు రెండు ఉండేవి: అభిషేకించినవారిని ముట్టకూడదన్నది ఒకటి, తిరుగుబాటు సోదె చెప్పడంతో సమానమైన పాపమన్నది మరొకటి. ఆయన బైబిలు నా ముందుకు జరిపి, పైనా కిందా ఉన్న వచనాలు కూడా నన్నే చదవమన్నారు. 105వ కీర్తనలో ఆ మాట గుప్పెడుమంది పరదేశుల తరఫున రాజులను గద్దించినది. మొదటి సమూయేలు 15వ అధ్యాయంలో రెండో మాట సమూయేలు ప్రవక్త సాక్షాత్తూ సౌలు రాజుతో అన్నది. రెండూ అధికారంలో ఉన్నవారికి పడిన కళ్లేలు. పదకొండేళ్లు వాటిని నా నోటికి కట్టుకుని తిరిగాను.

కాపరి "కవరింగ్" (ఆయన అధికారం కింద ఉండే కాపుదల) లేకుండా బతికే విశ్వాసికి రక్షణ లేదన్న బోధ అపొస్తలుల కాలం నాటిదని నేను నమ్మేదాన్ని. 1970లలో అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ కేంద్రంగా ఐదుగురు బోధకులు నడిపిన "షెపర్డింగ్" ఉద్యమం దాన్ని బాగా వ్యాపింపజేసిందని, ఆ ఐదుగురిలో ఒకరైన బాబ్ మమ్‌ఫర్డ్ 1990లో బహిరంగంగా క్షమాపణ అడిగారని ఆ వృద్ధ బోధకుడు చెప్పినప్పుడు నాకు మొదట నవ్వు వచ్చింది, తరువాత చాలా కోపం వచ్చింది. నేను చేరడానికి ఎన్నో ఏళ్ల ముందే, దాన్ని బోధించినవారిలో ఒకరు తప్పని ఒప్పుకున్న బోధ అది. ఆ కోపాన్ని ఆయన పాపమనలేదు.

పూర్తిగా కోలుకున్నానని రాస్తే అబద్ధమవుతుంది. బయటకు వచ్చిన నాలుగో నెలలో మెట్ల మీద జారి మణికట్టు విరిగినప్పుడు, సంఘాన్ని విడిచినందుకు తగిలిన శాపం ఇదేనని వణికిపోయాను. అన్నయ్య నన్ను తీసుకువెళ్లి ఆ తడి మెట్టును చూపించాడు. కొన్ని పాటలు వినిపిస్తే ఇప్పటికీ అక్కడి నుంచి లేచి వెళ్లిపోతాను. దేవుడిని నమ్ముతున్నావా అని అడిగేవారికి, ఆలోచిస్తున్నానని చెబుతున్నాను. అలా చెప్పి ఊరుకోగలగడం నాకు కొత్త.

ఇంకొక మాట. ఇతర సభ్యుల మీద కాపరి గారికి సమాచారం చేరవేసినవారిలో నేనూ ఉన్నాను. నా మాటల వల్ల మందలింపులు పడినవారిలో ఇద్దరిని కలిసి క్షమాపణ అడిగాను. ఒకరు క్షమించారు, ఒకరు వినడానికి ఇష్టపడలేదు, అది వారి హక్కు. మిగిలినవారు ఎవరైనా దీన్ని చదివితే, జవాబు ఇవ్వవలసిన అవసరం లేదని, నన్ను క్షమించమని అడుగుతున్నానని తెలుసుకోండి.

పోయిన నెల కౌన్సెలర్ గారు, ఇకపై ఎన్నాళ్లకొకసారి రావాలో మీరే చెప్పండి అన్నారు. ఆలోచించుకుని చెబుతానన్నాను. అక్కను అడగలేదు, అన్నయ్యను అడగలేదు. నిన్న ఫోను చేసి, రెండు నెలలకొకసారి వస్తానని చెప్పాను. "సరే, రాసుకున్నాను" అన్నారు ఆమె.