పిల్లల పుస్తకాలు కింది అరలో పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం పిల్లలిద్దర్నీ తీసుకుని ద్వారకానగర్ వైపు ఒక పుస్తకాల షాపుకి వెళ్ళాను. పాపకి తొమ్మిదేళ్ళు, బాబుకి ఐదు. "చెరో పుస్తకం కొంటాను, ఇంకేం అడక్కూడదు" అని స్కూటర్ మీదే ఒప్పందం చేసుకున్నాం. గంట తర్వాత బయటికొచ్చేసరికి మా సంచిలో ఒక రిమోట్ కారు, యూనికార్న్ బొమ్మ ఉన్న పెన్నుల డబ్బా, రెండు డబ్బాల స్లైమ్ (ఆ జిగట ముద్దతో ఏం చేయాలో నాకిప్పటికీ తెలీదు, సోఫాకి మాత్రం బాగా అంటుకుంది) ఉన్నాయి. బిల్లు 1,140 రూపాయలు. పుస్తకం ఒక్కటి లేదు.

తప్పు పిల్లలదే అనుకుని దారంతా కసురుతూనే వచ్చాను. రాత్రి ఆలోచిస్తే ఆ షాపు సర్దిన తీరు గుర్తొచ్చింది. తలుపు తియ్యగానే బొమ్మలు, నేల దగ్గర్నుంచి మా బాబు భుజాల ఎత్తు దాకా బొమ్మలే, కొన్నింటికి అట్టపెట్టెలో కన్నం పెట్టి మీట బయటికి ఉంచారు, నొక్కితే పాట పాడుతుంది, వాడు నొక్కకుండా ఎలా ఉంటాడు? పిల్లల పుస్తకాలెక్కడ అంటే షాపు కుర్రాడు ప్రాజెక్టు చార్టుల వెనక్కి చెయ్యి చూపించాడు. అక్కడ నా తల ఎత్తులో రెండు అరలు. పుస్తకాలన్నీ పక్కపక్కన బిగించి నిలబెట్టారు, అట్ట మీద బొమ్మ కనపడదు, సన్నటి అంచు మాత్రం కనిపిస్తుంది. మధ్యలో పిన్ను కొట్టిన ముప్ఫై పేజీల తెలుగు కథల పుస్తకానికి ఆ అంచు మీద పేరు వేసే చోటు కూడా ఉండదు. మా వాడికింకా చదవడం రాదు. వాడు పుస్తకం ఎంచుకోవాలంటే అట్ట మీద ఏనుగో, రైలో కనపడాలి కదా. పాప కాళ్ళ మునివేళ్ళ మీద నిలబడి ఒకటి లాగింది, నాలుగు మీద పడ్డాయి, కౌంటర్ నుంచి "జాగ్రత్తమ్మా" అని కేక వినపడింది. ఇంక అది అటు వెళ్ళలేదు. ఆ గంటా పాటలు పాడే కార్లు ఎన్ని నొక్కినా ఎవరూ ఏమీ అనలేదు.

షాపు ఓనరుతో మాట్లాడాను. "మాస్టారూ, నలభై రూపాయల పుస్తకం అమ్మితే నాకేం మిగుల్తుంది? పిల్లలు మడతపెట్టేస్తే అది నాకే బరువు. ఈ షాపుకి అద్దె కట్టేది ఆ కార్లే" అన్నారు. కాదనలేం. ముద్రించిన పుస్తకానికి జీఎస్టీ లేకపోయినా షాపు అద్దె, కుర్రాళ్ళ జీతాలు ఆగవు. చాలా ప్రైవేటు స్కూళ్ళు టెక్స్ట్ పుస్తకాలు సొంతంగా అమ్ముకుంటున్నాయి, అంటే జూన్ నెల బేరాలూ పోయాయి. బొమ్మలు తీసెయ్యమని అందుకే నేను అడగడం లేదు. (అమ్మే బొమ్మలైనా మన పక్కన ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్కబొమ్మలైతే బాగుండేది, అవి ఆ ఊరి ప్రత్యేకత అని చెప్పే జీఐ గుర్తింపు కూడా వాటికి 2017లో వచ్చింది, ఆ షాపులో ఒక్కటీ కనపడలేదు.)

నా చిన్నప్పుడు చందమామ కొనడానికి పుస్తకాల షాపుకి వెళ్ళిన గుర్తే లేదు. కిళ్ళీకొట్టు ముందు తాడు కట్టి, క్లిప్పులతో వేలాడదీసేవారు, అట్ట మొత్తం కనపడేది, గాలికి ఊగుతుంటే ఆ నెల బొమ్మ ఏంటో రోడ్డవతల నుంచే తెలిసిపోయేది. 1947లో మొదలైన ఆ పత్రిక అచ్చు ఆగి పదేళ్ళు దాటింది. ఆ కిళ్ళీకొట్టాయన ఏ పెద్ద చదువూ చదవలేదు గానీ పిల్లలకి పుస్తకం ఎలా చూపించాలో ఆయనకి తెలుసు.

నేను అడిగేదీ అంతే. ఒక్క కింది అర, రెండడుగుల ఎత్తులో, పుస్తకాలకివ్వండి. అట్టలు బయటికి కనపడేలా పెట్టండి. కూర్చోవడానికి ఒక చాప వేసి, తిరగేసి చూడ్డానికి ఒక్కో పుస్తకం విడిగా ఉంచండి, అది నలిగిపోతే పోనివ్వండి. కారుకి బ్యాటరీలు వేసి ఆడించి చూపిస్తున్నారుగా, పుస్తకానికీ ఆ అవకాశం ఇవ్వండి. షాపులకే కాదు, గ్రంథాలయాల వాళ్ళకీ ఇదే నా విన్నపం. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం, అందులోంచి పిల్లల ఎత్తుకు తగ్గ రెండు రాక్‌లు కొనడం పెద్ద పని కాదు.

ఆ షాపు ఓనరు ఈ ఉత్తరం చదివితే, వచ్చే నెల జీతం రాగానే పిల్లలతో మళ్ళీ అక్కడికే వస్తాను. స్లైమ్ మాత్రం దయచేసి పై అరలో పెట్టించండి.

– ఒక తండ్రి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం