వార్షిక నివేదిక: పందాలు మానిన గ్రేహౌండ్లకు మన ఇళ్లలో చోటు

గౌరవ సభ్యులకు నమస్కారం.

మెల్‌బోర్న్‌లో మన సంఘం ఈ ఏడాది కూడా ఉగాది, దసరా, దీపావళి ఘనంగా జరుపుకుంది. తెలుగు బడి తరగతులు ఆగకుండా నడిచాయి. జమాఖర్చుల వివరాలు కోశాధికారి సమర్పిస్తారు. నేను మాత్రం ఈసారి కొత్తగా చేపట్టిన ఒక్క పని గురించే వివరంగా రాస్తున్నాను. పందాల నుంచి విరమించిన గ్రేహౌండ్ కుక్కలను దత్తత తీసుకునే సభ్యులకు మనం తోడుగా నిలిచాం.

గ్రేహౌండ్స్ అనగానే మనలో చాలామందికి 1989లో ఏర్పడిన పోలీసు దళం గుర్తొస్తుంది. అసలు గ్రేహౌండ్ గంటకు 65 కిలోమీటర్లకు పైగా పరుగెత్తగలదు, ఇంట్లో మాత్రం రోజులో ఎక్కువ భాగం నిద్రపోతుంది. చాలా కుక్కలు ఐదేళ్లు నిండేలోపే పందాలు మానేస్తాయి. ఆ తరువాత కూడా వాటికి సగానికి పైగా ఆయుష్షు మిగిలి ఉంటుంది.

దత్తత కేంద్రం వారు సంబంధం కుదిర్చినంత జాగ్రత్తగా ఇంటికి తగిన కుక్కను చూస్తారు. ప్రహరీ ఎత్తెంత, మెట్లున్నాయా, పసిపిల్లలున్నారా, రోజుకు ఎన్ని గంటలు ఇల్లు ఖాళీగా ఉంటుంది అని అడుగుతారు. కేంద్రంలో కుక్కకు చిక్కం కట్టి, పిల్లిని, చిన్న జాతి కుక్కలను దూరం నుంచి చూపిస్తారు. పిలిస్తే చూపు తిప్పుకుంటుందా, కొయ్యబారి అటే చూస్తుందా అన్నది గమనిస్తారు.

మన సభ్యుల్లో ఒక కుటుంబం ఫొటో చూసి చారల మగకుక్క కావాలని పట్టుబట్టింది. ఇంట్లో కర్ర పట్టుకుని నడిచే అత్తగారున్నారని తెలిసి, కేంద్రం వారు నడిపించేటప్పుడు పట్టీ (లీష్) లాగని, నెమ్మదైన నల్ల ఆడకుక్కను చూపించారు. అది ఇంటికి వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. పుట్టి బుద్ధెరిగాక మెట్టు చూడని ప్రాణి అది. ముందుకాళ్లు మొదటి మెట్టు మీద పెట్టి వణుకుతూ నిలబడిపోయింది. ఆ ఇంటి అబ్బాయి ఒక్కొక్క కాలే ఎత్తి పెడుతూ ఎక్కించాడు. సాయంత్రానికి అది అత్తగారి కుర్చీ పక్కన కాళ్లు చాపుకుని పడుకుంది.

మరో ఇంట్లో అలా కుదరలేదు. పక్కింటి పిల్లి రోజూ పెరట్లోకి వస్తుందన్న సంగతి దరఖాస్తులో రాయలేదు. నాలుగో రోజే కుక్కను తిరిగి అప్పగించవలసి వచ్చింది. ఇంటిల్లిపాదీ ఏడ్చారు. వారి పక్కన కూర్చుని దరఖాస్తు నింపించకపోవడం మన లోపమే. అందుకే ఇప్పుడు ఇద్దరు సభ్యులు ముందుగా ఇంటికి వెళ్లి, ఇల్లూ పెరడూ చూసి, ఉన్నది ఉన్నట్టు రాయిస్తున్నారు.

కొత్తగా తీసుకునేవారికి కొన్ని మాటలు. మన విక్టోరియా రాష్ట్రంలో 2019 జనవరి నుంచి పెంపుడు గ్రేహౌండ్లకు బయట చిక్కం తప్పనిసరి కాదు, పట్టీ మాత్రం ఉండి తీరాలి. దీని మెడ తలకన్నా లావు, మామూలు మెడపట్టీ జారిపోతుంది కనుక వెడల్పాటిది కొనండి. నిద్రలో ఉన్నప్పుడు తాకకుండా పేరు పెట్టి పిలిచి లేపండి. వంటగట్టు దీనికి చక్కగా అందుతుంది. చక్కెర పొంగలిలోని కిస్‌మిస్, కూరల్లోని ఉల్లిపాయ కుక్కలకు విషం.

వచ్చే ఏడాది, శాశ్వతమైన ఇల్లు దొరికేదాకా కొన్ని వారాలు కుక్కను ఉంచుకోగల కుటుంబాలు మనకు కావాలి. ముందుకు వచ్చేవారు సర్వసభ్య సమావేశంలోపు నాకు పేర్లు ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి