ఆదివారం సైకిళ్లు తీద్దాం

మిత్రులారా, ఉద్యోగమున్నన్నాళ్లూ గడియారాన్ని చూస్తూ పరుగెత్తాం. ఇప్పుడా తొందర మనకెవరికీ లేదు. ఈ ఆదివారం ఉదయం హైదరాబాద్ నార్సింగిలో ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సైకిల్ బాటకు రండి. 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల బాట అది. మొత్తం తొక్కాలన్న పట్టుదల వద్దు. పైన సౌర ఫలకాల కప్పు ఉంది కనుక ఎండ బాధ తక్కువ, పక్కనే లారీలు దూసుకుపోతాయన్న భయం లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే!

సీటు మరీ కిందికి దించకండి, మోకాళ్ల మీద భారం పడుతుంది. పెడల్ అడుగుకు చేరినప్పుడు మోకాలు కొద్దిగా వంగితే సరిపోతుంది. కబుర్లు చెప్పుకోగలిగినంత వేగం చాలు.

నడక ఇష్టమైనవారికి గండిపేట పార్కు అక్కడికి దగ్గరే. వచ్చేవారు శనివారం సాయంత్రంలోగా ఇక్కడ చెప్పండి.