మెదడు కొలతతో తెలివిని తూచకండి

సంపాదకులకు,

గత ఆదివారం మీ సైన్స్ పేజీలో అంతరించిపోయిన మానవ జాతుల మీద వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు ఒప్పడం లేదు. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవి మనుషులకు మెదడు చిన్నది కాబట్టి వాళ్లు మందబుద్ధులని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఏ ఆధారంతో తేల్చారు?

2003లో లియాంగ్ బువా గుహలో దొరికిన స్త్రీ ఎత్తు మూడున్నర అడుగులు. మెదడు సుమారు 426 ఘన సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు చింపాంజీ మెదడంత. కానీ అదే గుహలో రాతి పనిముట్లు కుప్పలుగా దొరికాయి. రాయిని ఎక్కడ కొడితే ఎలా పెచ్చు లేస్తుందో తెలియకుండా అవి తయారు కావు. మెదడు ఆకారాన్ని తెలిపే ఆ పుర్రె లోపలి అచ్చును అమెరికా మానవశాస్త్రవేత్త డీన్ ఫాక్ బృందం 2005లోనే పరిశీలించి, నుదుటి వైపు భాగం బాగా ఎదిగి ఉందని చెప్పింది. మెదడు ఎంత ఉందన్నదే కాదు, ఎలా అమరి ఉందన్నదీ చూడాలి కదా! మీ వ్యాసంలో ఆ మాటే లేదు.

పైగా మీ లెక్క ప్రకారమైతే, అంతరించిపోయిన మరో మానవ జాతి నియాండర్తల్‌లు మనకంటే తెలివైనవాళ్లు కావాలి. మన మెదడు సగటున 1350 ఘన సెంటీమీటర్లయితే, ఇజ్రాయెల్‌లోని అముద్ గుహలో దొరికిన నియాండర్తల్ మెదడు దాదాపు 1740. అదే వ్యాసంలో వాళ్లనూ మొద్దులన్నారు! బర్చ్ చెట్టు బెరడు నుంచి జిగురు తీసి పనిముట్లకు పిడులు అతికించుకున్న వాళ్లు మొద్దులా?

ఈ పిచ్చి వల్ల సైన్సు ఒకసారి ఘోరంగా మోసపోయింది. మనిషి పుర్రెకు ఒరాంగుటాన్ దవడ జతచేసి, మానవ పూర్వీకుడిదంటూ 1912లో ఇంగ్లండులో చూపించిన పిల్ట్‌డౌన్ మోసం 1953 దాకా బయటపడలేదు. మొదట మెదడే పెరిగి ఉంటుందని పెద్దలు నమ్మడం అందుకు ముఖ్య కారణం. దక్షిణాఫ్రికాలో దొరికిన అసలైన మానవ పూర్వీకుల శిలాజం, టాంగ్ పుర్రె గురించి శరీర నిర్మాణ శాస్త్రవేత్త రేమండ్ డార్ట్ 1925లో రాస్తే, మెదడు చిన్నదని ఏళ్ల తరబడి పక్కన పెట్టారు.

ఇప్పటికే జాతీయ పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి జీవపరిణామాన్ని తీసేసింది. 2023లో 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెప్పినా పట్టించుకున్న అధికారి లేడు. పాఠం పోయాక పిల్లలకు మిగిలింది పత్రికలే. అవీ ఇంత నిర్లక్ష్యంగా రాస్తే ఎలా? సినిమా పేజీకి ఉన్న శ్రద్ధలో సగమైనా సైన్స్ పేజీకి పెట్టలేరా? అచ్చుకు ముందు ఒక జీవశాస్త్రం లెక్చరర్‌కు చూపించినా ఈ తప్పులు దొర్లేవి కావు.

ఆ పేజీని కత్తిరించి నోటుబుక్కుల్లో అంటించుకునే పిల్లలున్నారు. సవరణను ఏ మూలో చిన్న అక్షరాల్లో కాకుండా, అదే పేజీలో, అదే సైజులో వచ్చే ఆదివారమే వేయండి.

– ఒక రిటైర్డ్ జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, కర్నూలు