తలుపు తీసిపెడితే గది చల్లబడుతుందా?

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. ఫ్రిజ్ తలుపు బార్లా తీసిపెడితే గది చల్లబడదా అని అడుగుతావా! చల్లబడటం అటుంచి ఇంకాస్త వేడెక్కుతుందిరా. లోపల్నుంచి లాగిన వేడినంతా వెనకున్న కండెన్సర్ మళ్లీ అదే గదిలోకి వదులుతుంది. కంప్రెసర్ తిన్న కరెంటు కూడా చివరికి వేడై అక్కడే చేరుతుంది.

ఫ్రిజ్ వేడిని మోసుకుపోతుందని అందరూ చెబుతారు, ఎలాగో మాత్రం చెప్పరు. కిటుకంతా ఒత్తిడిలో ఉంది. కొన్ని ఫ్రిజ్‌ల గొట్టాల్లో తిరిగే ఆర్-134ఎ అనే ద్రవం మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. దాని ఆవిరిని దాదాపు పది రెట్ల ఒత్తిడికి నొక్కావనుకో, 40 డిగ్రీల దగ్గరే ద్రవమైపోతుంది. అంటే లోపల చల్లగా మరుగుతూ వేడి పీల్చుకుంటుంది, బయట వేడిగా ద్రవమవుతూ దాన్ని కక్కేస్తుంది. నొక్కే పని కంప్రెసర్‌ది.

అందరూ ఆ కంప్రెసర్‌నే మెచ్చుకుంటారు గానీ, నాకు ముద్దొచ్చేది కాపిలరీ గొట్టం. కదిలే భాగం ఒక్కటీ లేని రాగి గొట్టం, మిల్లీమీటరు కూడా లేని రంధ్రం. కండెన్సర్ నుంచి వచ్చిన ద్రవం అందులో దూరి బయటపడేసరికి ఒత్తిడి ఢామ్మని పడిపోతుంది, కొంత అక్కడికక్కడే ఆవిరైపోతుంది. ఆవిరవడానికి వేడి కావాలి కదా, దాన్ని మిగిలిన ద్రవం నుంచే లాక్కుంటుంది. అందుకే అది గడగడలాడేంత చల్లబడుతుంది. అక్కడో టర్బైన్ పెట్టి కాస్త పని రాబట్టుకోవచ్చుగా అంటావు, నాకు తెలుసు. వచ్చే పని బహు స్వల్పం, పైగా తుంపరలు కలిసిన ఆవిరితో టర్బైన్ తిప్పడం తలనొప్పి. ఇంత చిన్న పెట్టెకి దండగ.

ఎంత గొప్ప ఫ్రిజ్ అయినా దాటలేని గీత ఒకటుంది. దాని మూలం 1824లో ఫ్రెంచి ఇంజినీరు కార్నో రాసిన పుస్తకంలో ఉంది. లోపల మైనస్ 18, బయట 40 అనుకో. లోపలి మైనస్ 18కి 273 కలిపితే కెల్విన్లలో 255, దాన్ని లోపలికీ బయటకీ ఉన్న తేడా 58తో భాగించు, సుమారు 4.4. ఒక యూనిట్ కరెంటుకి 4.4 యూనిట్లకు మించి వేడి తోడలేం. బయట 30 అయితే 5.3. అందుకే ఫ్రిజ్‌ని గోడకి అతికించి పెట్టకు, కండెన్సర్‌కి గాలి ఆడనీ. పాపం కార్నో 1832లో కలరాతో పోయాడు. 1834లో పెర్కిన్స్ అనే అమెరికన్ ఆవిష్కర్త ఈథర్‌తో ఇలాంటి యంత్రానికే పేటెంట్ తీసుకున్నాడు.

కంప్రెసరే లేకుండా, అమోనియాతో, కింద మంట పెడితే పైన చల్లబడే ఫ్రిజ్ కూడా ఉందిరోయ్! ఆ కథ వచ్చే ఉత్తరంలో.

ఉంటాను.