చెరువు కట్ట పరిరక్షణ సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తున్నాను.

వేసవిలో చెరువు అడుగంటగానే కట్ట మీది సర్కారు తుమ్మ కొట్టించాం. చెట్లుంటే కట్ట గట్టిగా ఉంటుంది కదా అని కొందరు అడ్డం పడ్డారు. గడ్డి అయితే మంచిదే, వానకు మట్టి కోసుకుపోకుండా పట్టి ఉంచుతుంది. చెట్టు సంగతి వేరు. అది చచ్చాక లోపలి వేరు పుచ్చిపోయి సందు మిగులుతుంది, నీళ్ళు ఆ సందునే పట్టుకుంటాయి. అందుకే మొదళ్ళతో సహా తవ్వి తీయించి, గుంటల్లో మట్టిని జానెడు మందాన పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాం. పందికొక్కుల బొరియలు, ఎండ్రకాయల బొక్కలు కూడా అలాగే పూడ్చాం. ట్రాక్టరు మట్టి ఒక్కసారే దింపి పైపైన తొక్కేస్తే చాలదా అని అడిగినవాళ్ళలో ఒక్కరు కూడా పనికి రాలేదని ఇక్కడ రాయక తప్పడం లేదు. వచ్చినవాళ్ళకు, ముఖ్యంగా రెండు పూటలా పనిచేసిన మహిళా సంఘం సభ్యులకు, ఉచితంగా ట్రాక్టరు ఇచ్చిన రైతుకు, నీళ్ళ క్యాన్లు మోసిన పిల్లలకు సంఘం తరఫున ధన్యవాదాలు.

కట్ట మధ్యలో బళ్ళు దిగేచోట పడిన పల్లాన్ని కూడా లేపాం. చెరువు నిండాక మిగులు నీళ్ళు పోయే అలుగు మీదుగా పోవలసిన వరద ఆ పల్లంలోంచి పొర్లితే అవతలి వాలు కోసుకుపోతుంది, ఆ తర్వాత గండి పడడానికి ఎంతోసేపు పట్టదు. మట్టికట్టలు తెగడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట, 2024 జులైలో అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టు కట్ట వరదకు కొట్టుకుపోవడం అందరం చూశాం. అవి మన చెరువుకంటే ఎన్నో రెట్లు పెద్దవి. 2021లో వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన కట్టలకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల కట్టలకు వర్తిస్తుంది. మన కట్ట ఆ ఎత్తుకు దరిదాపుల్లో లేదు కాబట్టి ఎవరో వచ్చి చూస్తారని కూర్చోవద్దు.

అలుగు గురించి గట్టిగానే చెప్పాలి. చేపలు పోకుండా కొందరు వలలు, కర్రలు కడుతున్నారు. నీళ్ళు ఎక్కువ నిలవాలని మరికొందరు రాత్రిపూట ఇసుక బస్తాలు పేరుస్తున్నారు. అమెరికాలో 1889లో సౌత్ ఫోర్క్ మట్టి డ్యామ్ తెగి రెండు వేల మందికి పైగా చనిపోయారు. అక్కడ కూడా చేపలు పోకుండా అలుగుకు కట్టిన జాలీల్లో చెత్త ఇరుక్కుని నీరు పోయే దారి తగ్గింది. ఈ సంగతి చెప్పినప్పుడు మీటింగులో నవ్వినవాళ్ళున్నారు. బస్తాలు మళ్ళీ కనిపిస్తే తీసి పారేస్తాం, ఎవరివని కూడా అడగం.

ఇక ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోగల పని ఊటలో కట్ట మట్టి కొట్టుకురాకుండా ఆపడం. ముసురు వానల్లో చెరువు నిండి అలుగు పారుతున్నప్పుడు, నాట్లకు వెళ్తున్న మన సభ్యురాలు ఒకరు పొలాలకు నీళ్ళు వదిలే తూము పక్కన కట్ట అడుగున నీళ్ళు ఎర్రగా వస్తున్నాయని చూశారు. అక్కడ ఊట ఎప్పుడూ ఉన్నదే. కానీ తేటగా వచ్చినంతకాలం పెద్దగా భయం లేదు, రంగు మారిందంటే లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట. ఆమె గాజు గ్లాసులో నీళ్ళు పట్టి, అడుగున మట్టి పేరుకోవడం చూసి ఫోన్ చేశారు. అప్పటికే కొందరు బంకమట్టితో ఆ నోరు మూసేయడానికి సిద్ధమయ్యారు. రిటైరైన వర్క్ ఇన్‌స్పెక్టర్ గారు అడ్డుకోకపోతే ఏమయ్యేదో! మూస్తే నీళ్ళు ఆగవు, పక్కన ఇంకో దారి చేసుకుంటాయి. ఆయన చెప్పినట్టే ఊట మీద ముందు ఇసుక, తర్వాత సన్న కంకర, పైన రాళ్ళు పరిచాం. నీరు బయటికి వస్తుంది, మట్టి లోపలే నిలుస్తుంది. చుట్టూ బస్తాలతో గుండ్రంగా దడి కట్టాం. తూము కొద్దికొద్దిగా ఎత్తి నీటిమట్టం తగ్గించాం. ఒక్కసారిగా దించితే నానిన లోపలి వాలు జారిపోతుంది. తూము కింది రైతులు అప్పుడే నాటిన మళ్ళ మీదుగా నీళ్ళు పోనిచ్చారు, వాళ్ళకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. తెల్లారేసరికి నీళ్ళు తేటబడ్డాయి.

ఆ రాత్రంతా ఎంత టెన్షన్ పడ్డామో ఉన్నవాళ్ళకే తెలుసు. సంబంధిత అధికారికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. అంతా సర్దుకున్నాక వచ్చి ఫొటోలు దిగారు, ముందు వరసలోనే నిలబడ్డారు. ఊటను మనం కొత్తగా కనిపెట్టలేదు. 1369 నాటి పోరుమామిళ్ళ చెరువు శాసనం చెప్పిన ఆరు చెరువు దోషాల్లో కట్ట నుంచి నీరు కారడం ఒకటి. ఆ మాట గుర్తుచేస్తూ తూము మరమ్మతుకు పెట్టిన అర్జీకి ఇంతవరకు జవాబు లేదు.

లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. చందా బాకీ ఉన్నవారు ఈ రోజే కడితే పేర్లు చదవాల్సిన పని ఉండదు.

వచ్చే ఏడాదికి మూడు పనులున్నాయి. తూము చుట్టూ కట్టను నీళ్ళు లేనప్పుడు విప్పి మళ్ళీ దిమ్మిస కొట్టించాలి. లోపలి వాలు మీద జారిన రాళ్ళు పేర్చాలి. కట్ట దగ్గర ఇసుక, కంకర, ఖాళీ బస్తాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి. వానాకాలం రాత్రి కాపలా జాబితా ఈ కాగితం వెనకే జతపరిచాను. వాట్సాప్‌లో బొటనవేలు పెట్టినవాళ్ళ పేర్లు రాయలేదు, సంతకం పెట్టినవాళ్ళవే రాశాను. ఖాళీలు చాలా ఉన్నాయి, పెన్ను అధ్యక్షుల వారి దగ్గర ఉంది.

కార్యదర్శి